నక్క వచ్చే రాత్రి: గొర్రెపిల్లని కాపాడేది ఎలా?

పిల్లలూ, కథల్లో నక్క మీకు బాగా తెలిసినదే. ద్రాక్షపళ్ళు అందక పుల్లగా ఉన్నాయన్న నక్క, నీలిరంగు తొట్టిలో పడి కొన్నాళ్ళు అడవికి రాజైపోయిన నక్క, జిత్తులమారి నక్క. మన మాటల్లో కూడా నక్క తిరుగుతూనే ఉంటుంది. ఎవరికైనా అనుకోకుండా అదృష్టం కలిసొస్తే "ఏంటి, నక్క తోక తొక్కొచ్చావా?" అని అడుగుతారు. పైకి మర్యాద చూపిస్తూ లోపల ఇంకేదో ఆలోచించే మనిషిని చూసి "నక్క వినయం" అంటారు.

ఈ పాఠంలో మనం కలుసుకునేది కథల నక్కని కాదు, నిజమైన నక్కని. అది ఉండేది బ్రిటన్‌లో పడమటి వైపున్న వేల్స్ కొండల్లో. వేల్స్‌లో మనుషులు సుమారు 30 లక్షల మంది. గొర్రెలు మాత్రం 80 లక్షలకు పైనే! అక్కడ చాలా కుటుంబాలకి గొర్రెలే జీవనాధారం. వసంతకాలంలో పుట్టిన పిల్లల్ని పెంచి అమ్మితేనే ఆ ఏడాది ఖర్చులు గడుస్తాయి. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి రైతులకి సరిగ్గా నిద్ర ఉండదు. రాత్రి ఏ నక్క వచ్చి ఏ పిల్లని ఎత్తుకుపోతుందో అని భయం.

"అయితే నక్కలన్నిటినీ చంపేస్తే సరిపోతుంది కదా?" అని మీలో కొందరు అనొచ్చు. "పాపం నక్క! దాన్ని ఏమీ చేయకూడదు" అని ఇంకొందరు అనొచ్చు. రెండు జవాబులూ కాస్త తొందరపడి చెప్పినవే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ నక్క గురించి మాట్లాడుతున్నాం?

తెలుగులో నక్క అనే ఒక్క మాటతో రెండు వేరే వేరే జంతువుల్ని పిలుస్తాం. మన ఊళ్ళ బయట పొద్దుగూకాక ఊళలు వేసేది ఒక నక్క. ఇది కుక్కకీ తోడేలుకీ దగ్గర చుట్టం. ఇంగ్లీషులో దీన్ని జాకల్ అంటారు. పంచతంత్రంలో ఉన్నది ఈ నక్కే. రెండోది గుంటనక్క. ఇది చిన్నది, బరువు మూడు కిలోల దగ్గర ఉంటుంది. తోక చివర నల్లగా ఉంటుంది. ఎక్కువగా ఎలుకల్ని, పురుగుల్ని, పళ్ళని తిని బతుకుతుంది. ఇంగ్లీషులో ఫాక్స్ అనే మాట సరిపోయేది దీనికి.

బ్రిటన్‌లో ఉండేది ఎర్రనక్క. గుంటనక్కకి పెద్దక్క అనుకోండి. ఒళ్ళంతా ఇటుకరంగు బొచ్చు, కుచ్చులాంటి తోక. బరువు సాధారణంగా 5 నుంచి 7 కిలోలు. అంటే బాగా బొద్దుగా ఉన్న పెంపుడు పిల్లికంటే పెద్ద బరువేమీ కాదు. లండన్‌లో ఉండే పిల్లలైతే దీన్ని రాత్రిపూట చెత్తడబ్బాల దగ్గర చూసే ఉంటారు. పట్నంలో మిగిలిన పిజ్జా ముక్క తినే నక్క, కొండల్లో గొర్రెల మంద చుట్టూ తిరిగే నక్క, రెండూ ఒకే జాతి.

వసంతంలోనే ఎందుకు? రాత్రే ఎందుకు?

ముందు ఒక తెలుగు మాట నేర్చుకుందాం. ఆవు, బర్రె, మేక, గొర్రె పిల్లని కంటే మనం "ఈనింది" అంటాం. "మా ఆవు ఈనింది", "నిన్న రాత్రి రెండు గొర్రెలు ఈనాయి" అని చెబుతాం. 

గొర్రె కడుపుతో ఉండేది దాదాపు ఐదు నెలలు. పిల్ల పుట్టే సమయానికి పచ్చగడ్డి మొలవాలి, అప్పుడే తల్లికి పాలు బాగా పడతాయి. అందుకే శీతాకాలం వెళ్ళి గడ్డి లేచే రోజుల్లో గొర్రెలు ఈనేలా రైతులు ముందే చూసుకుంటారు. అప్పుడు కొద్ది వారాల్లోనే వందల పిల్లలు పుడతాయి.

అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మూడు నుంచి ఐదు కిలోలు ఉంటుంది. ఒళ్ళంతా తడి, కాళ్ళలో వణుకు. బాగా ఉన్న పిల్ల అరగంట, గంటలోపు లేచి నిలబడి పాలకోసం వెతుక్కుంటుంది. కవల పిల్లలైతే కష్టం ఎక్కువ. తల్లి రెండో పిల్లని కంటూ ఉండగా మొదటిది తడబడుతూ నాలుగడుగులు పక్కకి వెళ్ళిపోతుంది. నక్కకి అవకాశం దొరికేది అప్పుడే.

ఇదే నెలల్లో కొండ పక్కన బొరియలో ఇంకొక తల్లి ఉంటుంది. ఆడనక్క కూడా వసంతం మొదట్లోనే నాలుగైదు పిల్లల్ని కంటుంది. అవి కళ్ళు కూడా తెరవకుండా పుడతాయి. తల్లి వాటిని వదిలి దూరం పోలేదు, మగనక్క తిండి తెచ్చిపెడుతుంది. అంటే రైతు దగ్గర పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే నక్క ఇంట్లో ఆకలి కూడా ఎక్కువ.

ఇక రాత్రి సంగతి. నక్క కంటి వెనక భాగంలో అద్దంలాంటి ఒక పొర ఉంటుంది. కంట్లోకి వచ్చిన కొద్దిపాటి వెలుతురుని ఆ పొర వెనక్కి కొడుతుంది. దాంతో అదే వెలుతురు కంటికి రెండుసార్లు పనికొస్తుంది. టార్చిలైటు వేస్తే పిల్లి కళ్ళు మెరవడం మీరు చూశారు కదా, అది కూడా ఈ పొర వల్లే. చెవులు ఇంకా చురుకు. గడ్డి కింద ఎలుక కదిలిన చప్పుడు విని, ఎగిరి సరిగ్గా దానిమీదే దూకగలదు. కొత్తగా పుట్టిన పిల్ల అరుపు అలాంటి చెవికి వినపడకుండా ఉంటుందా?

ముందు తేల్చాల్సింది: నేరం ఎవరిది?

పొద్దున్నే రైతు పొలంలోకి వెళ్ళాడు. ఒక పిల్ల చచ్చి పడి ఉంది. దాని మీద పళ్ళ గాట్లున్నాయి. దూరంగా ఒక నక్క పరిగెత్తుతూ కనిపించింది. ఇంకేముంది, నక్కే చంపింది అనుకుంటాం. కానీ అలా అనుకుంటే పొరపాటు పడే అవకాశం చాలా ఉంది. నక్క వేటాడే జంతువే కాదు, చచ్చినవాటిని తినే జంతువు కూడా. రాత్రి చలికి చచ్చిపోయిన పిల్లని తెల్లవారుజామున నక్క కొరికి ఉండొచ్చు.

అందుకే పశువుల డాక్టర్లు ఒక డిటెక్టివ్‌లాగా పని చేస్తారు. వాళ్ళు చూసే ఆధారాలు కొన్ని చెబుతాను.

మొదటిది గిట్టలు. కడుపులో ఉన్నప్పుడు పిల్ల గిట్టల చివర మెత్తటి పొర ఉంటుంది. నడవడం మొదలుపెట్టగానే అది అరిగిపోతుంది. ఆ పొర అలాగే ఉందంటే ఆ పిల్ల ఒక్క అడుగు కూడా వేయలేదన్నమాట.

రెండోది ఊపిరితిత్తులు. వాటిలో చిన్న ముక్కని నీళ్ళలో వేస్తే తేలిందనుకోండి, పిల్ల ఊపిరి తీసుకుంది. మునిగిపోతే చచ్చే పుట్టింది.

మూడోది పొట్ట. అందులో పాలు ఉన్నాయా? లేకపోతే పిల్ల ఆకలితో నీరసించి ఉండొచ్చు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పళ్ళ గాట్ల దగ్గర చర్మం కింద నెత్తురు గడ్డకట్టి, కమిలి ఉందా? కమిలి ఉంటే కరిచినప్పుడు పిల్ల బతికే ఉంది. కమలకపోతే అప్పటికే చచ్చిపోయింది, నక్క తర్వాత వచ్చింది.

ఇలా వెతికితే ఏం తేలిందో తెలుసా? గొర్రెపిల్లలు ఎక్కువగా చనిపోయేది చలి వల్ల, పాలు అందక, పుట్టేటప్పుడు కష్టమై, రోగాల వల్ల. మొత్తం మీద నక్క చంపేవి వాటిలో చిన్న భాగమే. అయితే ఆ చిన్న భాగం అన్ని పొలాలకీ సమానంగా పడదు. చాలా పొలాల్లో నక్క ఒక్క పిల్లని కూడా ముట్టదు. ఏదో ఒక పొలంలో మాత్రం పిల్లల రుచి మరిగిన నక్క రోజూ రాత్రి వస్తుంది. ఆ రైతుకి "మొత్తం మీద చిన్న భాగమే" అని చెబితే ఏం ఓదార్పు?

నక్క మీద పడే నిందల్లో కొన్ని వేరేవాళ్ళవి. కాకులు నీరసంగా పడున్న పిల్లల కళ్ళు పొడుస్తాయి. గొలుసు లేకుండా వదిలిన పెంపుడు కుక్కలు మందని తరిమి కరుస్తాయి. ఇది బ్రిటన్‌లో చాలా పెద్ద సమస్య. మీ ఇంట్లో కుక్క ఉంటే, పొలాల పక్కన నడిచేటప్పుడు దాన్ని గొలుసుతో పట్టుకోండి. మీ కుక్క ఎంత మంచిదైనా సరే, గొర్రెకి ఆ సంగతి తెలియదు.

మొదటి కాపలా: నిండిన పొట్ట, శుభ్రమైన పొలం

నక్కని ఆపే పని నక్కతో మొదలవదు, గొర్రెతో మొదలవుతుంది.

ఈనే ముందు తల్లికి మంచి మేత పెడితే పిల్ల గట్టిగా పుడుతుంది. పుట్టిన వెంటనే తల్లి దగ్గర వచ్చే చిక్కటి పసుపుపచ్చ పాలని మనం ముర్రుపాలు అంటాం. అవి తాగిన పిల్లకి వెచ్చదనం, రోగాల్ని తట్టుకునే శక్తి వస్తాయి. అది చకచకా తల్లి వెంట నడుస్తుంది. తల్లి కూడా దాన్ని వదలదు. నక్క దగ్గరికొస్తే గొర్రె ఊరుకుంటుందనుకోకండి. కాలు నేలకేసి కొడుతుంది, తల వంచి మీదికి వెళుతుంది. నక్కకి దొరికేది ఎక్కువగా తల్లి వదిలేసిన పిల్ల, చలికి లేవలేని పిల్ల, మూడు పిల్లల్లో బక్కది.

అందుకే చాలామంది రైతులు గొర్రెల్ని ఈనే సమయానికి కొట్టంలోకి తోలుకొస్తారు. పుట్టిన పిల్లనీ తల్లినీ ఒక చిన్న గదిలాంటి చోట రోజో రెండు రోజులో విడిగా ఉంచుతారు. అక్కడ ఇద్దరూ ఒకరి వాసన ఒకరు గుర్తుపడతారు. తర్వాత తల్లి పక్కమీద ఒక అంకె, పిల్లల పక్కమీద అదే అంకె రంగుతో వేసి పొలంలోకి వదులుతారు. వేల్స్‌లో పచ్చటి పొలాల్లో 47, 48 అని నీలం, ఎరుపు అంకెలతో తిరిగే గొర్రెపిల్లలు కనిపిస్తే అదీ సంగతి. ఏ పిల్ల ఎవరిదో దూరం నుంచే తెలిసిపోతుంది.

రెండో పని శుభ్రం. గొర్రె ఈనాక దాని కడుపులోంచి మాయ బయటికి వస్తుంది. ఆ వాసనకి నక్క చాలా దూరం నుంచి వస్తుంది. చచ్చిన పిల్ల పడి ఉన్నా అంతే. ఒకసారి అక్కడ తిండి దొరికితే మళ్ళీ మళ్ళీ అదే చోటికి వస్తుంది. అందుకని మంచి రైతు ఏ రోజుకారోజు వాటిని తీసేస్తాడు. బ్రిటన్‌లో చచ్చిన గొర్రెల్ని పొలంలో వదిలేయడం చట్టప్రకారం తప్పు కూడా.

కంచె, దీపం

కరెంటు కంచె గురించి వినే ఉంటారు. సన్నటి తీగలు వరసగా లాగి, వాటిలోకి ఒక చిన్న యంత్రం ద్వారా క్షణానికొకసారి కరెంటు పంపిస్తారు. ముక్కు తగిలితే చురుక్కుమంటుంది, ప్రాణం పోదు. తెలివైన జంతువు కాబట్టి నక్క ఆ పాఠం త్వరగానే నేర్చుకుంటుంది. కింది తీగ నేలకి దగ్గరగా ఉండాలి, లేకపోతే కిందనుంచి దూరిపోతుంది. గడ్డి పెరిగి తీగకి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, కాబట్టి గడ్డి కోస్తూ ఉండాలి. కొండంతా ఇలా కట్టలేరు. ఇంటి దగ్గర పిల్లలుండే ఒక్క పొలానికి కట్టగలరు.

ఇంకో ఉపాయం దీపం. నక్కకి మనిషంటే భయం. రాత్రిపూట పొలంలో మనిషి టార్చి పట్టుకుని తిరుగుతున్నట్టు దీపాలు వెలిగి ఆరితే, నక్క దగ్గరికి రావడానికి జంకుతుంది. అయితే దీపం ఒకే చోట ఒకే తీరుగా వెలుగుతూ ఉంటే నాలుగు రోజుల్లో దాని గుట్టు తెలుసుకుంటుంది. అందుకే రంగు, వేగం మారుతూ ఉండే దీపాలు వచ్చాయి. వాటిని కూడా అప్పుడప్పుడు వేరే చోటికి మార్చాలి.

ఈ ఉపాయాన్నే ఆఫ్రికాలో ఒక పిల్లవాడు తనంతట తానే కనిపెట్టాడు. కెన్యాలో నైరోబీ నేషనల్ పార్కు పక్కన ఉండే రిచర్డ్ టురేరే అనే మసాయి అబ్బాయికి అప్పుడు 11 ఏళ్ళు. ఇంట్లో పశువుల్ని కాసే పని అతనిది. రాత్రి సింహాలు వచ్చి ఆవుల్ని చంపుతున్నాయి. తను టార్చి పట్టుకుని అటూ ఇటూ తిరిగిన రాత్రి సింహాలు రాలేదని గమనించాడు. పాత కారు బ్యాటరీ, సోలార్ పలక, మోటారుసైకిల్ ఇండికేటరు పెట్టె, చిన్న బల్బులు కలిపి, దొడ్డి చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి మెరిసే దీపాలు అమర్చాడు. 2013లో టెడ్ వేదిక మీద నిలబడి తన కథ చెప్పాడు. సింహం కూడా బతికింది, ఆవూ బతికింది.

కుక్క కాపలా

గొర్రెల దగ్గర రెండు రకాల కుక్కలు పని చేస్తాయి. మందని తోలే కుక్క ఒకటి. మందలోనే ఉండి కాపలా కాసే కుక్క ఇంకొకటి. ఇటలీకి చెందిన మరెమ్మా అనే తెల్లటి పెద్ద కుక్క ఈ రెండో రకం. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని గొర్రెల మధ్య పెంచుతారు. గొర్రెలే తన కుటుంబం అనుకుని పెరుగుతుంది. రాత్రంతా మేలుకుని, నక్క వాసన వస్తే గట్టిగా మొరుగుతుంది. చాలాసార్లు ఆ మొరుగుడే చాలు.

ఈ కుక్కలు గొర్రెల్నే కాదు, పెంగ్విన్లని కూడా కాపాడాయి! ఆస్ట్రేలియాలో వార్నంబూల్ అనే ఊరి పక్కన మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నక్కలు నడిచి ఆ దీవికి వెళ్ళి పెంగ్విన్లని చంపేవి. ఒకప్పుడు వందల్లో ఉన్న పెంగ్విన్లు 2005 నాటికి పదికి తక్కువే మిగిలాయి. 2006లో అక్కడ మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టారు. పెంగ్విన్లు మళ్ళీ వందకి పైగా పెరిగాయి. ఈ కథతో 2015లో 'ఆడ్‌బాల్' అనే సినిమా కూడా వచ్చింది.

అమెరికాలో కొందరు రైతులు కుక్కకి బదులు లామాని మందలో పెడతారు. లామాకి కుక్కజాతి జంతువులంటే అస్సలు పడదు. పొడుగు మెడ ఎత్తి చూసి, తరిమి తన్నడానికి వెళుతుంది.

చివరి మార్గం: తుపాకీ

ఇవన్నీ చేసినా ఒక నక్క రోజూ వచ్చి పిల్లల్ని చంపుతూ ఉంటే? అప్పుడు బ్రిటన్‌లో రైతు ఆ నక్కని కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. రాత్రి పెద్ద దీపంతో నక్కని వెతికే ఈ పనిని అక్కడ ల్యాంపింగ్ అంటారు. ఇప్పుడు కొందరు ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించే కెమెరాలు కూడా వాడుతున్నారు.

ఇది ఎవరు పడితే వాళ్ళు చేసే పని కాదు. పోలీసులు ఇచ్చే అనుమతి ఉండాలి. పొలం యజమాని ఒప్పుకోవాలి. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయని కాల్చేయకూడదు. గొర్రె కళ్ళూ మెరుస్తాయి, కుక్క కళ్ళూ మెరుస్తాయి, జింక కళ్ళూ మెరుస్తాయి. ఒళ్ళంతా స్పష్టంగా చూసి అది నక్కే అని తేల్చుకోవాలి. దాని వెనక ఏముందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే గురి తప్పిన గుండు చాలా దూరం పోతుంది. అనుమానం ఉంటే ఆగిపోవాలి.

చట్టం కొన్నిటిని అసలే ఒప్పుకోదు. బ్రిటన్‌లో నక్కకి విషం పెట్టడం నేరం. గుర్రాల మీద ఎక్కి, వేటకుక్కల గుంపుతో నక్కని తరమడం అక్కడ ఎంతో కాలంగా ఉన్న ఆచారం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004లో చేసిన చట్టం దాన్ని నిషేధించింది. 2005 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇంతకీ నక్కల్ని వేటాడితే అవి తగ్గుతాయా? దీనికి అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 2001లో బ్రిటన్‌లో పశువులకి గాలికుంటు వ్యాధి వచ్చింది. రోగం ఆపడానికి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. మనుషులు పొలాల్లో తిరిగితే రోగం పాకుతుందని, కుక్కలతో వేటని కూడా దాదాపు ఏడాదిపాటు ఆపేశారు. వేట లేదు కాబట్టి నక్కలు బాగా పెరిగిపోతాయని చాలామంది అనుకున్నారు. శాస్త్రవేత్తలు ముందూ తర్వాతా లెక్కచూసి 2002లో నేచర్ పత్రికలో రాశారు: నక్కలు చెప్పుకోదగినంతగా పెరగలేదు.

ఎందుకని? ప్రతి నక్క కుటుంబానికీ తనదైన ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోకి వేరే నక్కని రానివ్వదు. ఒక నక్క చచ్చిపోతే ఆ చోటు ఖాళీ అవుతుంది. సొంత చోటు కోసం తిరిగే ఇంకో కుర్ర నక్క వచ్చి అక్కడ చేరుతుంది. కాబట్టి పిల్లల్ని ముట్టని నక్క మీ పొలం పక్కన ఉంటే, దాన్ని చంపడం వల్ల మీకే నష్టం రావచ్చు. తర్వాత వచ్చేది ఎలాంటిదో ఎవరికి తెలుసు? వసంతంలో తల్లినక్కని చంపితే బొరియలో దాని పిల్లలు ఆకలితో చచ్చిపోతాయి. ఆ సంగతి కూడా రైతు ఆలోచించాలి.

ఆస్ట్రేలియాలో లెక్క వేరు. అక్కడ నక్క అసలు లేదు. 1800ల మధ్యకాలంలో, వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చి వదిలారు. అక్కడి చిన్న చిన్న జంతువులకి నక్కనుంచి తప్పించుకోవడం తెలియదు. కొన్ని జాతులు తగ్గిపోయాయి. అందుకే అక్కడ ప్రభుత్వమే నక్కల్ని తగ్గించే పని చేయిస్తుంది. ఒకే జంతువు, రెండు దేశాలు, రెండు పద్ధతులు. అది ఎక్కడ పుట్టింది, ఎక్కడికి ఎలా వచ్చింది అన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది.

మన కాపరులు ఏం చేసేవారు?

తెలుగునాట గొర్రెల్ని కాసే పని ఎక్కువగా గొల్లలు, కురుమలు చేస్తారు. పంట కోతలయ్యాక వాళ్ళు మందల్ని తోలుకుని ఊరూరా తిరుగుతారు. రాత్రిపూట ఎవరో ఒక రైతు పొలంలో మందని ఆపుతారు. గొర్రెల పెంట పొలానికి మంచి ఎరువు కాబట్టి, ఆ రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. 

అక్కడ కాపరికి నక్క భయం ఉంది, అంతకంటే ఎక్కువగా తోడేలు భయం ఉంది. అందుకే మంద చుట్టూ ముళ్ళకంప వేస్తారు. చిన్న పిల్లల్ని పెద్ద గంపల కిందో, విడిగా కట్టిన చిన్న దొడ్డిలోనో ఉంచుతారు. కాపరి గొంగళి కప్పుకుని మంద పక్కనే పడుకుంటాడు. కుక్కలు చుట్టూ ఉంటాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కనీ తోడేలునీ చంపకూడదు. కాపరికి మిగిలినవి కంచె, మంట, కుక్క, మెలకువ.

వేల్స్ రైతు కరెంటు తీగ కట్టాడు, మన కాపరి ముళ్ళకంప వేశాడు. అతను కొట్టంలో పిల్లని విడిగా పెట్టాడు, ఇతను గంప కింద పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు, అయినా ఒకే వరసలో ఆలోచించారు. ఆ వరస ఇది:

1. పిల్లని చంపింది నిజంగా ఎవరు?
2. పిల్ల బలంగా ఉందా? తల్లి దగ్గరే ఉందా?
3. నక్కని పిలిచే వాసనలు పొలంలో ఉన్నాయా?
4. కంచె, దీపం, కుక్కతో దాన్ని దూరం పెట్టగలమా?
5. ఇవేవీ పనిచేయకపోతే, ఆ ఒక్క నక్క విషయంలో చట్టం ఏం చేయనిస్తుంది?

తుపాకీ అయిదో ప్రశ్న దగ్గర వస్తుంది, అది కూడా చట్టం ఒప్పుకున్న చోటే. మొదటి నాలుగింటినీ వదిలేసి నేరుగా అయిదో దానికి వెళ్ళిన రైతు, నక్క చచ్చాక కూడా చలికి పిల్లల్ని పోగొట్టుకుంటూనే ఉంటాడు.

కొత్త మాటలు

ఈనడం: పశువు పిల్లని కనడం
మంద: కలిసి మేసే గొర్రెల గుంపు
దొడ్డి: పశువుల్ని ఉంచే కంచె వేసిన చోటు
కొట్టం: పశువుల కోసం కట్టిన పాక, షెడ్డు
బొరియ: నక్క నేలలో తవ్వుకున్న ఇల్లు
ముర్రుపాలు: ఈనిన వెంటనే వచ్చే చిక్కటి పాలు
మాయ: కడుపులో పిల్లకి ఆహారం అందించి, ఈనాక బయటికి వచ్చేది
గొంగళి: గొర్రె ఉన్నితో నేసిన ముతక దుప్పటి
కమలడం: దెబ్బ తగిలిన చోట చర్మం కింద నెత్తురు చేరి నల్లబడటం

చెప్పండి, రాయండి

1. నక్క, గుంటనక్క, ఎర్రనక్క: మూడింటికీ తేడా ఏంటో మీ మాటల్లో చెప్పండి.
2. ఒక చచ్చిన పిల్ల గిట్టల మీద మెత్తటి పొర అలాగే ఉంది. పళ్ళ గాట్ల దగ్గర చర్మం కమలలేదు. నక్క దాన్ని చంపిందా? మీ జవాబుకి కారణం రాయండి.
3. ఒకే దీపం ఒకే చోట ఎందుకు ఎక్కువ రోజులు పనిచేయదు?
4. బ్రిటన్‌లో నక్కని చూసే పద్ధతికీ ఆస్ట్రేలియాలో చూసే పద్ధతికీ తేడా ఎందుకు వచ్చింది?
5. మీరుండే దేశంలో గొర్రెల్నో కోళ్ళనో ఎత్తుకుపోయే జంతువు ఏది? రైతులు ఏం చేస్తారో కనుక్కుని అయిదు వాక్యాలు రాయండి.
6. మీ తాతయ్యకో అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి, "మీ చిన్నప్పుడు ఊళ్ళో నక్క ఊళ విన్నారా? కోళ్ళనీ గొర్రెల్నీ రాత్రిపూట ఎక్కడ పెట్టేవారు?" అని తెలుగులో అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకుని, వచ్చే వారం క్లాసులో చదివి వినిపించండి.